విశాఖలో నాలుగో అంతస్తులో ఉంటున్నాం. తుఫాను వస్తోందంటే టార్చి, కొవ్వొత్తులు, బిస్కెట్లు, మందులు ఉంటే చాలా?

మీ జాబితాలో తప్పేం లేదు. కాకపోతే అది గాలి కొట్టే ఆ ఒక్క రోజుకి సరిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేం ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తులో ఉన్నాం. మీరు రాసినవన్నీ మా ఇంట్లోనూ ఉన్నాయి. ఆ ఆదివారం ఎలాగో గడిచిపోయింది. మా ప్రాణం తీసింది ఆ తర్వాతి ఆరు రోజులు.

అన్నిటికంటే ముందు నీళ్లు. తెల్లారేసరికే కరెంటు లేదు, బోరు మోటారు ఆగిపోయింది. మేడ మీద ట్యాంకులో ఎంతుందో అంతే, దాంట్లోంచే ఇరవై ఫ్లాట్లు వాడుకోవాలి. ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు. మర్నాడు అందరం మామూలుగా తలస్నానాలు చేశాం, గాలికి ఇంట్లోకొచ్చిన ఆకూ అలమూ కడిగేశాం. మధ్యాహ్నానికి కుళాయిలో గాలి తప్ప ఏమీ రాలేదు.

జనరేటర్ లేదా అంటే, ఉంది. దాన్ని లిఫ్టుకీ మెట్ల లైట్లకీ మాత్రమే కలిపారు, మోటారుకి కాదు. అది కూడా ఆ రోజే తెలిసింది! ఉన్న కాస్త డీజిలూ లిఫ్టుకీ, సెల్‌ఫోన్ల ఛార్జింగుకీ తగలేశాం. మూడో రోజు ఒక ఎలక్ట్రీషియన్ని బతిమాలి తెచ్చుకుని మోటారు కలిపించాం. బంకులో గంటలకొద్దీ నిలబడి డీజిలు తెచ్చాం. అప్పట్నుంచి పొద్దున అరగంట మోటారు, ఫ్లాటుకి లెక్కగా బిందెలు. ఆ మాట అనుకున్నాక గొడవలు కూడా తగ్గాయి.

కాబట్టి హెచ్చరిక రాగానే ట్యాంకు నిండా పట్టించండి. సింటెక్స్ ట్యాంకైతే ఇంకో లాభం కూడా ఉంది, నిండుగా ఉంటే గాలికి లేవదు. పక్క మేడ మీది ఖాళీ ట్యాంకు రోడ్డు మీద దొర్లుతూ పోవడం నేను కళ్లారా చూశాను. పూలకుండీలు, రేకులు, డిష్ యాంటెనా కూడా ముందు రోజే దించేయండి.

గాలి గురించి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. హుద్‌హుద్ తీరం దాటేటప్పుడు గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగం ఉంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. తుఫాను అయిపోయిందనుకుని జనం కిందకి దిగారు, నేనూ స్కూటర్ చూసుకోవడానికి వెళ్లాను. అది తుఫాను కన్ను ఊరి మీంచి వెళ్తున్న సమయమట. కాసేపటికి గాలి మళ్లీ లేచింది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. పొద్దున్నుంచి ఉత్తరం వైపు కిటికీలు కాసుకుని కూర్చున్నాం కదా, పగిలింది దక్షిణం వైపు బాల్కనీ అద్దం. మంచాలు హాల్లోకి లాగి, లోపలి గదిలో తలుపేసుకుని కూర్చున్నాం. అద్దాలకి అడ్డంగా టేపు అంటిస్తే ఆగుతాయంటారు, ఆగవు. అధికారులు చెప్పేదాకా బయటికి రావొద్దు.

స్కూటర్ ఎలాగూ చెట్టు కింద పడి నుజ్జయింది. దానికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే ఉంది, అది ఇలాంటి నష్టానికి పైసా ఇవ్వదు. మీ బండి కాగితాలు ఇవాళే చూసుకోండి.

తర్వాత డబ్బు. ఏటీఎంలు పనిచేయలేదు. పాలవాడు ఉన్న ధర మీద ఎక్కువే అడిగాడు, పైగా ఐదు వందల నోటుకి చిల్లర లేదన్నాడు. ఇప్పుడు అందరం ఫోన్‌పే మీదే బతుకుతున్నాం కనుక ఇంకా కష్టం. వంద, యాభై నోట్లుగా మూడు నాలుగు వేలు ఇంట్లో పెట్టుకోండి.

ఫోన్లు ఉన్నా టవర్లు లేవు. ఎదురింటాయన పని మీద రాజమండ్రి వెళ్తూ మా అందరి నంబర్లూ కాగితం మీద రాసుకెళ్లి, సిగ్నల్ దొరికిన చోట ఒక్కొక్కరి బంధువులకీ ఫోన్ చేసి చెప్పాడు. మాకు అప్పుడు బుద్ధొచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న మా మేనత్త నంబరే ఇంటిల్లిపాదికీ కేంద్రం. ఎవరికి సిగ్నల్ దొరికితే వాళ్లు ఆవిడకి ఎస్సెమ్మెస్ పెడతారు. కాల్ వెళ్లనప్పుడు కూడా ఎస్సెమ్మెస్ ఒక్కోసారి వెళ్తుంది. ఆ నంబరుతో పాటు అత్యవసర సాయానికి 112, జిల్లా కంట్రోల్ రూమ్ 1077 కూడా కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్లో నంబర్లుండి ఏం లాభం?

ఇంట్లో పెద్దవాళ్లు ఇన్సులిన్ వాడుతుంటే ఫ్రిజ్ లేకపోతే ఎలాగని టెన్షన్ పడకండి. తెరిచి వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు ఉంటే సాధారణంగా నాలుగు వారాల దాకా పనికొస్తుంది, మీ మందు సంగతి డాక్టర్ని అడిగి రాసిపెట్టుకోండి. అమ్మ సీసాని మేం మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నీళ్లు పోసిన మట్టికుండలో ఉంచాం.

ఇదంతా పై అంతస్తుల వాళ్ల మాట. గెడ్డ (వాగు) పక్కనో, పల్లంలోనో ఉంటే లెక్క వేరు, ముందు రోజే వెళ్లిపోవడం మేలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ కాలనీల్లోకి వచ్చినప్పుడు పై అంతస్తుల వాళ్లు కూడా చుట్టూ నీళ్లు నిలిచి బయటికి రాలేకపోయారు.

ఈ పనుల్లో ఒక్కటే ఇవాళ చేయగలరంటే, కిందకి దిగి వాచ్‌మన్‌ని రెండు ప్రశ్నలు అడగండి: జనరేటర్ మోటారుకి కలిపి ఉందా, ట్యాంకు వాల్వు ఎక్కడుంది? మా వాచ్‌మన్‌కి రెండోది కూడా తెలియదు.