ఫోర్త్‌లో 2+3 ఎందుకు రాదు?

ప్రశ్న: ఉబుంటులో జీఫోర్త్ (ఫోర్త్ అనే ప్రోగ్రామింగ్ భాషను నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకున్నాను. 2+3 అని కొడితే ‘అన్‌డిఫైన్డ్ వర్డ్’ అంటోంది. ఏం చేయాలండీ?

జవాబు: ఫోర్త్‌కు ఖాళీయే ప్రాణం. ఖాళీ లేకపోతే 2+3 మొత్తాన్నీ ఒకే మాటగా తీసుకుని, అది తన నిఘంటువులో, అంటే తనకు తెలిసిన మాటల పట్టికలో, లేదంటుంది. పైగా ఇక్కడ అంకెలు ముందు, గుర్తు తర్వాత. ఇలా కొట్టి ఎంటర్ నొక్కండి:

2 3 + .

5 వస్తుంది, పక్కనే ఓకే. 2, 3 స్టాక్‌పై, అంటే అంకెలు దాచుకునే దొంతరపై, ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. + ఆ రెండింటినీ తీసి మొత్తాన్ని పెడుతుంది. చుక్క దాన్ని తీసి చూపిస్తుంది. మళ్లీ చుక్క కొడితే ‘స్టాక్ అండర్‌ఫ్లో’: తీయడానికేమీ మిగల్లేదు. చుక్కకు ఆనించి ఎస్ (.s) కొడితే స్టాక్ చెదరకుండా కనిపిస్తుంది. మొదటి వారమంతా ప్రతి అడుగుకీ అది కొట్టి చూడండి, చాలా తికమక తప్పుతుంది. బయటికి రావడానికి బై (bye) కొట్టండి, ఇంగ్లిష్ అక్షరాల్లో.