మా అమ్మాయి ఉద్యోగం ఏంటో నలుగురికీ చెప్పలేకపోతున్నాను

ప్రశ్న: మాది హనుమకొండ. రిటైర్డ్ టీచర్‌ని. మా అమ్మాయికి 27 ఏళ్లు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి, ఏటూరునాగారం వైపు పోడు రైతుల పట్టాల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలో చేరింది. జీతం 24 వేలు. గ్రూప్స్ రాయమంటే వినదు, సేవ చేస్తానంటుంది. సంబంధాలవాళ్లు అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదు. రెండు నెలలుగా మా మధ్య మాటల్లేవు.

జవాబు: సార్, మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది జీతం కన్నా ఆ రెండు నెలల మౌనమే.

ముందు ‘సేవ’ అనే మాట ఇద్దరూ పక్కన పెట్టండి. సేవ అనుకుంటే జీతం గురించి అడగడమే తప్పన్నట్టు అయిపోతుంది. ఆమె చేసేది నైపుణ్యం కావలసిన పని. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ అడవి భూమి దున్నుకుంటున్న గిరిజన రైతు హక్కు కోరవచ్చు. ఆ దరఖాస్తు గ్రామసభలో మొదలై, సబ్‌డివిజన్ కమిటీ దాటి, జిల్లా కమిటీ దాకా వెళ్లాలి. ఆధారాలు వెతకాలి, ఊరి పెద్దల వాంగ్మూలం రాయించాలి, తిరస్కరిస్తే 60 రోజుల్లో అప్పీలుకు వెళ్లాలి. చదువురాని రైతు పక్కన కూర్చుని ఇవన్నీ చేయించేవాళ్లు లేకపోతే ఆ కాగితం కదలదు. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మీకు ఈ పని విలువ నేను చెప్పాలా?

మీ భయంలోనూ నిజముంది. ఈ ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని మార్చి, ఆ విరాళాల్లో సంస్థలు పరిపాలన ఖర్చులకు వాడుకోగల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించారు. ఆ డబ్బు ఒక సంస్థ మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పల్లెల్లోని చిన్న సంస్థలకు అది గట్టి దెబ్బ. అందుకే సూటిగా అడగండి: ప్రాజెక్టు ఎప్పటిదాకా? పీఎఫ్ ఉందా? ఊళ్లలో చీకటి పడితే ఎక్కడ ఉంటున్నావు? గ్రూప్స్ మాట మాత్రం కొన్నాళ్లు ఎత్తకండి. ఆ మాటతోనే ఆమె మీ ముందు నుంచి లేచి వెళ్లిపోతుంది, ఈ ప్రశ్నలన్నీ మీలోనే ఉండిపోతాయి. ఇదే రంగంలో ఎదగాలంటే లా చదవడం మంచి దారి, సుబేదారిలో లా కాలేజీ ఉండనే ఉంది. అది కూడా ఆమె అడిగితేనే చెప్పండి.

సంబంధాలవాళ్లకు ‘పోడు రైతుల పట్టాల పని చూస్తుంది’ అని చెప్పండి. ఆ మాటకే మొహం చిట్లించే ఇంట్లో మీ బిడ్డ ఉండలేదు.

ఈసారి ఆమె ఇంటికి వచ్చినప్పుడు మాట మీరే కలపండి. ‘ఒక రోజు నన్నూ ఆ ఊళ్లకు తీసుకుపో బిడ్డా’ అనండి. బస్సు ములుగు దాటాక కూడా ఏటూరునాగారం చాలా దూరం. మాట్లాడుకోవడానికి కావలసినంత టైం దొరుకుతుంది.