పాఠకుల ప్రశ్నలు: మలావీ ఆసుపత్రికి విశాఖ నుంచి ఏం పంపాలి?

ప్రశ్న: ఆఫ్రికా దేశం మలావీలోని ఓ పల్లె ప్రాంతంలో 20 పడకల పిల్లల ఆసుపత్రి కట్టడానికి విశాఖ డాక్టర్లం, ఇంజినీర్లం కలిసి డబ్బు పోగుచేశాం. ఇక్కడి నుంచి ఓడలో 20 అడుగుల కంటైనర్ పంపాలనుకుంటున్నాం. మంచాలు, బెంచీలతో జాబితా మొదలుపెట్టాం. ఇంకా ఏం పెట్టాలి?
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ముందు మంచాలు, బెంచీలు కొట్టేయండి. అవి అక్కడి వడ్రంగులు, వెల్డర్లు చేస్తారు, విరిగితే వాళ్లే బాగుచేస్తారు. ఆ చోటు ఆక్సిజన్‌కూ కరెంటుకూ ఇవ్వండి. న్యుమోనియాతో డొక్కలు ఎగరేసే బిడ్డకు కాసేపు ఆక్సిజన్ ఆగినా ప్రాణం మీదికొస్తుంది.

2021 ఏప్రిల్‌లో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ట్యాంకర్లు మన స్టీల్ ప్లాంటులోనే నింపుకుని మహారాష్ట్ర వెళ్లాయి. పల్లె ఆసుపత్రికి అలాంటి ఆసరా ఉండదు కాబట్టి గాలిలోంచి ఆక్సిజన్ తీసే కాన్సన్‌ట్రేటర్లే దిక్కు. చిన్న పిల్లలకు నిమిషానికి 1 నుంచి 2 లీటర్లు, పురిటి బిడ్డలకు అర లీటరు నుంచి లీటరు చాలు. ఒకేసారి ఎనిమిది మందికి కావాలనుకుంటే 16 లీటర్లు. 5 లీటర్ల మెషిన్లు నాలుగు, పైన ఒకటి స్పేరు. ఒక మెషిన్ నుంచి నలుగురైదుగురికి పంచాలంటే ఎవరి ఫ్లో మీటర్ (ఆక్సిజన్ ఎంత వెళ్లాలో సరిచేసేది) వాళ్లకున్న స్ప్లిటర్ తప్పనిసరి. ఉత్త టీ జాయింటు పెడితే ఆక్సిజన్ అడ్డు లేని గొట్టంలోకే పోతుంది, రెండో బిడ్డకు అందదు.

మెషిన్‌కు సుమారు 350 వాట్లు. నాలుగూ పగలూ రాత్రీ నడిస్తే రోజుకు 34 యూనిట్లు. దీనికే 10 కిలోవాట్ల దాకా సోలార్, రాత్రికి 25 యూనిట్ల లిథియం బ్యాటరీ కావాలి. వార్డు ఏసీని ఈ లైనుకు కలపనివ్వకండి. కలిపితే బ్యాటరీ తెల్లవారుజామున, ఎవరూ చూడని వేళ ఖాళీ అవుతుంది. అలాంటి వేళకు నాలుగు జంబో సిలిండర్లు నింపి ఉంచాలి. ఒక్కోటి 7,000 లీటర్లు, అంటే ఆ వాడకానికి ఏడు గంటలు.

మలావీలోనూ 230 వోల్టులు, 50 హెర్ట్జే. మన మెషిన్లు నడుస్తాయి, ప్లగ్గులే పట్టవు. అక్కడివి బ్రిటిష్ పద్ధతి చదరపు పిన్నులు. అడాప్టర్లు వదులై నిప్పురవ్వలు లేస్తాయి కాబట్టి ఇక్కడే ప్లగ్గులు మార్పించండి. ప్రతి మెషిన్‌కూ స్టెబిలైజర్ పెట్టండి.

వెనకవైపు స్పాంజి ఫిల్టర్ దుమ్ము పట్టి మూసుకుపోతే కంప్రెసర్ వేడెక్కుతుంది. వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి. తడిది పెడితే తేమ లోపలి జియోలైట్‌ను (గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఉంచే గుళికలు) చెడగొడుతుంది. అప్పుడు మెషిన్ మామూలుగానే మోగుతుంది, వచ్చే గాలిలో ఆక్సిజన్ మాత్రం తగ్గిపోతుంది. అందుకే ఆక్సిజన్ శాతం చూపే ఎనలైజర్ ఒకటి పంపండి. 82 శాతం కంటే తగ్గితే ఆ మెషిన్ పక్కన పెట్టాలి. మెషిన్‌కు రెండు జతల ఫిల్టర్లు, పిల్లల సైజు ముక్కు గొట్టాలు, రక్తంలో ఆక్సిజన్ చూసేందుకు పసికందు పాదానికి చుట్టే ఆక్సీమీటర్ ప్రోబులు డజన్ల కొద్దీ పెట్టండి. పెద్దల వేలి క్లిప్పు పసివేలికి నిలవదు. ముందు పాడయ్యేవీ ఆ ప్రోబులే.

మలావీకి సముద్రం లేదు. సరుకు ఎక్కువగా మొజాంబిక్‌లోని బెయిరా లేదా నకాలా రేవులో దిగి రోడ్డునో రైల్లోనో వెళ్తుంది. మందులు పంపితే చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలుండాలి. అన్నిటికంటే ముందు ఆ జిల్లా ఆరోగ్యాధికారిని అడిగి, రిపేరు చేసే టెక్నీషియన్ జీతం ఎవరిస్తారో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఆ జవాబు రాకుండా కంటైనర్ కదిలించవద్దు.

ప్రశ్న: తల్లులకు వేరే గది అవసరమా?
— అదే పాఠకురాలు

జవాబు: తప్పకుండా. అక్కడ రోగికి వండిపెట్టేది వెంట వచ్చినవాళ్లే. పొయ్యిలు, బట్టలుతికే చప్టా ఉన్న షెడ్డు ప్లానులోనే ఉండాలి. పడకకు రోజుకు 60 లీటర్ల చొప్పున 1,200 లీటర్లు, తల్లుల వాడకం కలిపితే ఇంకో 400. రెండు రోజుల నిల్వకు 5,000 లీటర్ల ట్యాంకు వేయండి. షెడ్డును వార్డుకు గాలి వచ్చే వైపు కట్టకండి, పొగంతా పిల్లల మీదికే వస్తుంది.