మీవారినీ వెంట తీసుకురండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు. మా అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. దసరా సెలవులకి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి హాస్టల్‌కి వెళ్లాలనేసరికి కడుపునొప్పి, వాంతులు. స్కానింగ్, ఎండోస్కోపీ చేయించాం, అంతా నార్మలే. పిల్లల సైకియాట్రిస్టుకి చూపించమన్నారు. మావారేమో "వాడికేమన్నా పిచ్చా, అదంతా నటన" అంటున్నారు. అక్కడ ఏం చేస్తారు? మందులు జీవితాంతం వాడాలా?

జవాబు: నటన కాదమ్మా, ఆ నొప్పి నిజంగానే వస్తుంది. టెన్షన్ పెరిగితే పేగుల కదలిక మారుతుంది, అది స్కానింగ్‌లో కనపడదు, అంతే. పిచ్చి అన్న మాట అసలు ఇక్కడికి ఎందుకొచ్చిందో!

మొదటిసారి ఎక్కువగా మాట్లాడటమే ఉంటుంది, గంట దాకా పట్టొచ్చు, బస్సు టైమైపోతుందన్న హడావుడితో రాకండి. చిన్నప్పుడు మాటలు, నడక ఎప్పుడొచ్చాయి, ఫిట్స్ ఏమైనా వచ్చాయా, నిద్ర, తిండి, ఫోను, ఇంట్లో గొడవలు, బంధువుల్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బందులున్నాయా, ఇవన్నీ అడుగుతారు. సగం ప్రశ్నలు తల్లిదండ్రులకే, అందుకే మీవారు కూడా రావాలి. తర్వాత మిమ్మల్ని బయట కూర్చోబెట్టి అబ్బాయితో విడిగా మాట్లాడతారు. బయటికి రాగానే "ఏం చెప్పాడండీ" అని మొదలుపెట్టొద్దు. ప్రాణానికి ప్రమాదం ఉన్నా, ఎవరైనా కొడుతున్నా, వేధిస్తున్నా డాక్టరే మీకు చెబుతారు, మిగతావి వాడికీ డాక్టరుకీ మధ్యనే ఉండనివ్వండి, లేకపోతే రెండోసారి వాడు నోరు విప్పడు. ఆదివారం టెస్టులో మార్కులు తగ్గితే సోమవారం సెక్షన్ మార్చేసే కాలేజీలు మనకి కొత్త కాదు కదా, అలాంటిదేమైనా ఉందేమో అక్కడ బయటపడుతుంది. అన్నట్టు, ఎంపీసీ వాడికి ఇష్టమేనా అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

మందుల సంగతి. ఇలాంటి ఆందోళనకి చాలామందికి ముందు కౌన్సెలింగే, భయపడే పనిని కొద్దికొద్దిగా అలవాటు చేయించే పద్ధతి ఒకటుంది. అది చాలకపోతే ఫ్లూఆక్సెటిన్ లాంటివి రాస్తారు, వాటికి బానిసలవడం ఉండదు కానీ పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, తగ్గాక కూడా సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వాడమంటారు. మొదలుపెట్టిన కొత్తలో చిరాకు పెరిగినా, చచ్చిపోవాలన్న మాట వచ్చినా వెంటనే డాక్టరుకి చెప్పాలి. బాగున్నాడు కదా అని మీ అంతట మీరే ఆపేయొద్దు. ఈలోపు అలాంటి మాట వాడి నోట వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, వాణ్ణి ఒంటరిగా వదలొద్దు. 14416కి ఫోన్ చేసినా సలహా ఇస్తారు, అది ప్రభుత్వ టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: మా పాపకి ఏడేళ్లు. క్లాసులో కుదురుగా కూర్చోదు, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతిగా కదలడం అనే సమస్య) అని టీచర్ అంటున్నారు. స్పెషలిస్టు కోసం హైదరాబాద్ వెళ్లాలా? (విజయవాడ పటమట నుంచి ఒక తండ్రి)

జవాబు: అక్కర్లేదు. ఎండీ సైకియాట్రీ తర్వాత మూడేళ్లు పిల్లల మీదే డీఎం అనే పైచదువు చేసినవాళ్లు దేశంలోనే తక్కువ, పిల్లల్ని చూసే అలవాటున్న ఎండీ సైకియాట్రిస్టు మీ ఊళ్లోనే సరిపోతారు. ఏడీహెచ్‌డీ అనాలంటే ఆ లక్షణాలు కనీసం ఆరు నెలలుగా, బళ్లోనే కాదు ఇంట్లోనూ కనపడాలి. అందుకని టీచర్ గమనించినవి కాగితం మీద రాయించుకుని వెళ్లండి. దానికంటే ముందు పాపకి చెవులూ కళ్లూ పరీక్ష చేయించండి, బోర్డు సరిగ్గా కనపడని పిల్ల కూడా క్లాసులో కదులుతూనే ఉంటుంది.