సమాధానం: అమ్మ బాత్రూంలో రెండుసార్లు పడ్డారు, ఓల్డేజ్ హోమ్ వాళ్లు ‘వయసు కదండీ’ అంటున్నారు

నెలలో రెండుసార్లు పడ్డారంటే వయసు ఒక్కటే కారణం కాదండీ. మా నాన్నగారి విషయంలోనూ ఇదే మాట చెప్పారు. ఈసారి చెప్పకుండా, రాత్రి భోజనాల వేళకి వెళ్లండి. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ ఉందా, గచ్చు తడిగా ఉందా చూడండి. మంచం దగ్గరి బెల్ మీరే నొక్కి టైమ్ చూసుకోండి. మేం నొక్కితే 14 నిమిషాలకు వచ్చారు, అదీ వాచ్‌మన్!

మందుల రిజిస్టర్ అడిగి, కొత్తగా నిద్రమాత్ర ఏమైనా చేర్చారేమో చూడండి. ఆ మత్తులో లేస్తే కాళ్లు నిలవవు. ఉంటే డాక్టర్‌తో మాట్లాడండి, మీ అంతట మీరు ఆపేయకండి.

ఫిర్యాదు కాగితం మీద రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. అప్పటికీ కదలకపోతే 14567కి చేయండి. అది వృద్ధుల కోసం పెట్టిన ఎల్డర్‌లైన్, ఉచితం. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. హోమ్‌కి కట్టిన డిపాజిట్ ఇరుక్కుందని మాత్రం ఆగకండి.