లగ్గంలో సన్నాయి వాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టాలి?

ప్రశ్న: మా చిన్నమ్మాయి లగ్గం మిర్యాలగూడలో, ఫంక్షన్ హాల్లో చేస్తున్నాం. సన్నాయి మేళం ఉండాల్సిందేనని మా ఆయన పట్టు. పిల్లలేమో డీజే మాట్లాడాక మళ్ళీ అదెందుకు, ఎవరు వింటారని అంటున్నారు. నాకూ సంగీతం ఇష్టమే గానీ డబ్బు దండగవుతుందేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, పిల్లల మాటలో సగం నిజముంది. మన లగ్గాల్లో సన్నాయి ఎవరూ వినరు. విననిస్తే కదా!

పోయిన మాఘంలో నల్లగొండలో ఒక లగ్గానికి పోయాను. మేళం వాళ్ళకు జనరేటర్ పక్కన కుర్చీలు వేశారు. పెద్దాయన నాదస్వరానికి దారంతో వేలాడుతున్న పీకల్ని, అంటే ఊదే చోట పెట్టే రెల్లు ముక్కల్ని, ఒక్కొక్కటే నోట్లో తడిపి, ఊది చూసి, మూడోది ఖాయం చేసుకున్నాడు. కల్యాణి రాగం అందుకున్నాడు. ముప్పై ఏళ్ళు వయొలిన్ పాఠాలు చెప్పినవాణ్ణి, ఆగలేక కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. మెల్లగా ఎక్కి ఎక్కి, పై షడ్జం, అంటే పై 'స' మీద నిలబడబోతుంటే మైకులో 'గేటు దగ్గర తెల్లకారు ఎవరిదండీ, తీయండి' అన్నారు. ఆయన నా వైపు చూసి నవ్వి, పీక తుడుచుకున్నాడు.

కాబట్టి మేళం పెట్టించండి, కానీ ఎదుర్కోళ్ళకు ముందు ఒక్క అరగంట మైకు కట్టేయించండి. గుడి వీధుల్లో ఊరేగింపు ముందు ఊదే వాద్యం అది, హాలుకు మైకు అక్కర్లేదు. ఖర్చు తగ్గించాలని రెండో సన్నాయిని మాన్పించకండి. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవారే పాట తెగకుండా పట్టుకుంటారు. 'గట్టిమేళం' ఒక్కటే వాళ్ళ పని అనుకోకుండా, ముందే అడగండి: కల్యాణి వాయిస్తారా, త్యాగరాజస్వామి సీతాకల్యాణం కురింజి రాగంలో వినిపిస్తారా అని. అడిగేవాళ్ళున్నారంటే వాయించేవాళ్ళ ముఖమే మారిపోతుంది.

బయానా మాట్లాడుకున్నరోజే ఇవ్వండి. మిగతాది అప్పగింతల దాకా లాగకండి. ఆ గడబిడలో అందరూ 'అన్నని అడుగు, బావని అడుగు' అంటారు. భోజనం కూడా అంతే, గిన్నెలు అడుగంటాక కాదు, ముందు పంక్తుల్లోనే పెట్టించండి. ఊదేవాళ్ళకు ఆకలి మామూలుగా ఉండదు.

పిల్లలతో కొట్లాడకండి. ఈ వారంలో ఒకరోజు ఫోన్లో షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరం పెట్టి వినిపించండి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడిన మనిషి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1998లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. అది విన్నాక కూడా వద్దంటే నాకు మళ్ళీ రాయండి.

డీజేని బారాత్‌కు ఉంచుకోండి, నాకేం పేచీ లేదు. లగ్గానికి ముందు ఒకసారి హాలుకు పోయి, జనరేటర్ ఏ మూల ఉందో మాత్రం చూసి రండి.