ఒకే సర్వర్ మీద ఎయిర్‌ఫ్లో పెట్టుకోవచ్చా? డాకర్ తప్పనిసరా?

మీరు చెప్పిన పరిస్థితి నాకు అర్థమైంది. ఆఫీసులో ఒకే ఉబుంటు సర్వర్, 4 కోర్లు, 16 జీబీ ర్యామ్. రాత్రిపూట నిర్ణీత సమయానికి వాటంతటవే నడిచే క్రాన్ జాబులు ముప్పై దాకా పేరుకుపోయాయి. ఒకటి ఆగిపోతే దాని మీద ఆధారపడ్డవి పాత డేటాతోనే నడిచి, పొద్దున్నే తప్పు రిపోర్టు పంపిస్తున్నాయి. జాబుల్ని సరైన వరుసలో, సమయానికి నడిపే అపాచీ ఎయిర్‌ఫ్లో పెట్టాలనుకుంటున్నారు. చాలా మెషీన్ల మీద ప్రోగ్రాములు నడిపే కుబర్నెటీస్ నేర్చుకోవాలా, ప్రోగ్రాముల్ని కంటైనర్లలో విడిగా నడిపే డాకర్ కావాలా, అసలు ఒక్క సర్వర్ చాలుతుందా అని అడిగారు.

చాలుతుందండీ. కుబర్నెటీస్ అక్కర్లేదు, డాకర్ కూడా తప్పనిసరి కాదు. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (లైబ్రరీల్ని విడిగా ఉంచే ఫోల్డర్), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, టాస్కుల్ని అదే మెషీన్ మీద నడిపే లోకల్ ఎగ్జిక్యూటర్, లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ ఉంటే మీ పని జరిగిపోతుంది. నేను పనిచేసేది ఒక పాల సేకరణ సంస్థలో. ఊళ్లలోని పాల కేంద్రాల నుంచి ఉదయం, సాయంత్రం వచ్చే లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాలు) రీడింగులన్నీ ఒకచోటికి చేరి, రైతుల పాల బిల్లు తయారయ్యేదాకా మొత్తం దారి మా దగ్గర ఎయిర్‌ఫ్లో మీదే నడుస్తుంది. అదీ మీలాంటి ఒక్క సర్వర్ మీదే. 2వ వెర్షన్‌తో మొదలుపెట్టి ఇప్పుడు 3కి వచ్చాం. ఇన్‌స్టాల్ చేయడం ఒక పూట పని. ఆ తర్వాత అది నెలల తరబడి మనిషి చూడకపోయినా నడవాలంటే ఏం చేయాలో గైడ్లలో తక్కువగా ఉంటుంది కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

ముందు డాకర్ సంగతి. ఎయిర్‌ఫ్లో వాళ్లు ఇచ్చే డాకర్ కంపోజ్ ఫైల్ (అన్ని కంటైనర్లనీ కలిపి లేపేది) నేర్చుకోవడానికి బాగుంటుంది. కానీ అందులో సెలరీ ఎగ్జిక్యూటర్, రెడిస్ కూడా వస్తాయి. అవి పనిని చాలా మెషీన్లకు పంచడానికి ఉన్నవి. మీకు ఉన్నది ఒక్క మెషీన్. పంచడానికి ఎవరూ లేనప్పుడు ఆ రెండూ మెమరీ తింటాయి, పైగా ఏదైనా ఆగితే వెతకాల్సిన చోట్లు పెరుగుతాయి. ఆ ఫైల్ ప్రొడక్షన్‌కి కాదని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. మీ టీమ్‌లో డాకర్ బాగా తెలిసినవాళ్లు ఉంటే, ఆ రెండూ తీసేసి, లోకల్ ఎగ్జిక్యూటర్‌తో సొంత కంపోజ్ ఫైల్ రాసుకోవచ్చు. తెలియకపోతే ఎయిర్‌ఫ్లోతో పాటు డాకర్‌ని కూడా నెత్తిన పెట్టుకోవద్దు. ‘స్టాండలోన్’ అనే ఒకే కమాండ్‌తో అన్నీ లేచే పద్ధతి కూడా ఉంది. మొదటి రోజు చూసుకోవడానికి వాడండి, అంతవరకే.

ఇన్‌స్టాలేషన్‌కి విడిగా ఒక లినక్స్ యూజర్‌ని సృష్టించండి. రూట్‌తో నడపొద్దు, మీ సొంత లాగిన్‌తో కూడా వద్దు. మీరు ఉద్యోగం మారిన రోజు మీ లాగిన్‌తో పాటు జాబుల్ని సమయానికి మొదలుపెట్టే షెడ్యూలర్ కూడా పోతుంది. ఉబుంటు 24.04 అయితే పైథాన్ 3.12 దానితోనే వస్తుంది. సిస్టమ్ పైథాన్‌లో పిప్ ఇన్‌స్టాల్ చేయనివ్వదు, అది మంచిదే, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకోండి. తర్వాత పిప్‌తో నేరుగా ఎయిర్‌ఫ్లో అని కొట్టేయకండి. ప్రతి ఎయిర్‌ఫ్లో వెర్షన్‌కీ, ప్రతి పైథాన్ వెర్షన్‌కీ వాళ్లు ఒక కాన్‌స్ట్రెయింట్స్ ఫైల్ ఇస్తారు. ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌లో ఉంటే పరీక్షల్లో పాసైందో అందులో ఉంటుంది. అది లేకుండా చేస్తే ఈరోజు బాగా దిగింది వచ్చే నెల దిగకపోవచ్చు, ఎందుకంటే కింద ఉన్న వందల లైబ్రరీల్లో ఏదో ఒకటి ఈలోగా మారిపోతుంది. పోస్ట్‌గ్రెస్ ప్రొవైడర్ (దానితో మాట్లాడే అదనపు ప్యాకేజీ) లాంటివి తర్వాత కలిపేటప్పుడు కూడా అదే ఫైల్ ఇవ్వాలి, ఎయిర్‌ఫ్లో వెర్షన్‌ని కూడా అదే కమాండ్‌లో రాయాలి. లేదంటే ప్రొవైడర్ కోసం పిప్ మీ ఎయిర్‌ఫ్లోనే మార్చేసే ప్రమాదం ఉంది.

మీ జాబులకు కావలసిన లైబ్రరీలను ఈ ఎన్విరాన్‌మెంట్‌లో కుక్కొద్దు. పాండాస్ అనే డేటా లైబ్రరీ ఫలానా వెర్షన్ కావాలని ఒక జాబు, వేరేది కావాలని ఇంకో జాబు మొదలుపెడితే ఎయిర్‌ఫ్లో నలిగిపోతుంది. జాబుల కోసం పక్కన వేరే ఎన్విరాన్‌మెంట్ పెట్టి, ఎక్స్‌టర్నల్ పైథాన్ ఆపరేటర్‌తోనో, బ్యాష్ ఆపరేటర్‌తోనో దాన్ని పిలవండి.

డేటాబేస్ దగ్గర కొంచెం ఆగుతాను. తన రన్‌ల వివరాలు (మెటాడేటా) దాచుకోవడానికి, ఏమీ చెప్పకపోతే, ఎయిర్‌ఫ్లో ఎస్‌క్యూలైట్ ఫైల్ ఒకటి పెట్టుకుంటుంది. అందులో ఒకేసారి ఒక్కరే రాయగలరు. షెడ్యూలర్, ఏపీఐ సర్వర్, మిగతావి కలిసి రాయబోతే లాక్ ఎర్రర్లు మొదలవుతాయి. మొదటి రోజునుంచే పోస్ట్‌గ్రెస్ పెట్టండి, తర్వాత మారుద్దామంటే పాత రన్‌ల చరిత్ర తేవడం పెద్ద పని. ఇక్కడ రెండు చోట్ల చాలామంది గంటలు పోగొట్టుకుంటారు. ఒకటి, పోస్ట్‌గ్రెస్ 15 నుంచి కొత్త యూజర్‌కి పబ్లిక్ స్కీమాలో టేబుళ్లు సృష్టించే హక్కు దానంతట అది రాదు. డేటాబేస్ మీద హక్కులన్నీ ఇచ్చినా చాలదు, స్కీమా మీద విడిగా గ్రాంట్ ఇవ్వాలి. ఉబుంటు 24.04లో వచ్చేది 16 కాబట్టి మీకు ఇది తప్పకుండా ఎదురవుతుంది. రెండోది పాస్‌వర్డ్. అందులో ‘యట్’ గుర్తు ఉంటే కనెక్షన్ చిరునామా అక్కడే విరిగిపోతుంది. దాన్ని శాతం గుర్తుతో ఎన్‌కోడ్ చేయాలి. ఆ చిరునామాని కాన్ఫిగ్ ఫైల్‌లో రాస్తే శాతం గుర్తుని మళ్లీ రెండుసార్లు రాయాలి, లేకపోతే ఫైల్ చదివేటప్పుడు ఇంకో ఎర్రర్. అక్షరాలు, అంకెలు మాత్రమే ఉన్న పొడవాటి పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఈ టెన్షన్ ఏదీ ఉండదు.

అదే పోస్ట్‌గ్రెస్‌లో మీ కంపెనీ డేటా కూడా ఉంటే ఎయిర్‌ఫ్లోకి వేరే డేటాబేస్, వేరే యూజర్ పెట్టండి. రెండింటినీ కలపొద్దు.

ఇక మెమరీ. లోకల్ ఎగ్జిక్యూటర్ ప్రతి టాస్క్‌నీ వేరే ప్రాసెస్‌గా నడుపుతుంది. ఒకేసారి ఎన్ని నడవొచ్చు అనే ‘ప్యారలలిజం’ విలువ మొదట 32 ఉంటుంది. 4 కోర్ల మీద అది చాలా ఎక్కువ. మీరు 6తో మొదలుపెట్టండి. టాస్క్ లాగ్‌లో వేరే ఏ ఎర్రరూ లేకుండా సిగ్‌కిల్ అని మాత్రం కనిపిస్తే, మీ కోడ్‌లో తప్పు వెతకడానికి ముందు కెర్నెల్ లాగ్ చూడండి. ర్యామ్ అయిపోయి లినక్సే దాన్ని చంపేసి ఉంటుంది. దీనికి మందు ర్యామ్ పెంచడం ఒక్కటే కాదు. మా దగ్గర పక్షం బిల్లు లెక్కించే టాస్క్ మొదట రీడింగులన్నీ పాండాస్‌లోకి లాక్కుని కూడేది. అదే కూడికని ఎస్‌క్యూఎల్‌లో రాసి పోస్ట్‌గ్రెస్‌కే అప్పగించాక ఎయిర్‌ఫ్లో వైపు మెమరీ దాదాపు కదలడం మానేసింది. ఒకే సర్వర్ ఉన్నప్పుడు ఎయిర్‌ఫ్లో మేస్త్రీగా ఉండాలి, ఇటుకలు మోయకూడదు. ఒక టాస్క్ నుంచి ఇంకో టాస్క్‌కి ఎక్స్‌కామ్ ద్వారా ఫైలు మొత్తం పంపకండి, ఫైలు ఎక్కడుందో పంపండి. ఎక్స్‌కామ్‌లో పెట్టిందంతా ఆ మెటాడేటా డేటాబేస్‌లోకే పోతుంది.

సర్వీసుల విషయంలో పాత గైడ్లు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. 2వ వెర్షన్‌లో వెబ్‌సర్వర్, షెడ్యూలర్ లేపితే చాలు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 3.0 నుంచి వెబ్‌సర్వర్ స్థానంలో ఏపీఐ సర్వర్ వచ్చింది, డాగ్ ఫైళ్లు, అంటే ఏ టాస్క్ తర్వాత ఏది నడవాలో రాసినవి, చదివే ప్రాసెసర్‌ని విడిగా లేపాలి. అది లేపకపోతే స్క్రీన్ బాగానే తెరుచుకుంటుంది, మీ డాగ్ ఒక్కటీ కనిపించదు. వేచి ఉండే టాస్కుల్ని కనిపెట్టుకునే ట్రిగ్గరర్‌తో కలిపి నాలుగు సిస్టమ్‌డీ యూనిట్లు రాసి, ఆగితే మళ్లీ లేచేలా పెట్టండి. నాలుగూ ఒకే ఎన్విరాన్‌మెంట్ ఫైల్ చదవాలి. ఫెర్నెట్ కీ (పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ చేసేది), జేడబ్ల్యూటీ సీక్రెట్ (సర్వీసులు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి) రెండూ అందులో ఉండాలి. 3లో టాస్కులు డేటాబేస్‌తో నేరుగా మాట్లాడవు, ఏపీఐ సర్వర్ ద్వారా మాట్లాడతాయి. అందుకే సీక్రెట్ ఒక్కో సర్వీసుకీ ఒక్కోలా ఉంటే టాస్కులు మొదలవకుండానే పడిపోతాయి, ఏపీఐ సర్వర్ ఆగితే స్క్రీన్ మాత్రమే కాదు పని కూడా ఆగుతుంది.

లోకల్ ఎగ్జిక్యూటర్‌లో టాస్కులు షెడ్యూలర్‌కి పిల్ల ప్రాసెస్‌లు. షెడ్యూలర్‌ని రీస్టార్ట్ చేస్తే నడుస్తున్నవి కూడా పోతాయి. కాబట్టి మార్పులన్నీ జాబులు లేని వేళకి పెట్టుకోండి.

ఇప్పుడు టైమ్ గురించి. మన దేశంలో ఎయిర్‌ఫ్లో వాడేవాళ్లు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం. ఎయిర్‌ఫ్లో లోపల అంతా యూటీసీ, అంటే మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయం. కాన్ఫిగ్‌లో డీఫాల్ట్ టైమ్‌జోన్‌ని ఏషియా/కోల్‌కతా అని పెడితే మీ షెడ్యూల్ మన టైమ్‌కే నడుస్తుంది. స్క్రీన్ మీద కనిపించే టైమ్‌కి వేరే సెట్టింగ్ ఉంది, అదీ మార్చండి. అయితే టెంప్లేట్‌లో వాడే ‘డీఎస్’ అనే తేదీ మాత్రం యూటీసీ తేదీయే. మన టైమ్ ఉదయం 5 గంటలంటే యూటీసీలో ముందురోజు రాత్రి 11:30. అంటే 5 గంటలకు నడిచే డాగ్‌లో ‘డీఎస్’ నిన్నటి తేదీని ఇస్తుంది, 6 గంటలకు నడిచేది ఈరోజు తేదీని ఇస్తుంది. మా పాల కేంద్రాల్లో ఉదయం పూట సేకరణ 5:30కి ముందే మొదలవుతుంది. తేదీని యూటీసీ ప్రకారం కోస్తే, ఒకే కేంద్రంలో ఒకే ఉదయం ముందొచ్చిన రైతు పాలు నిన్నటి లెక్కలోకి, వెనకాల నిలబడ్డ రైతు పాలు ఈరోజు లెక్కలోకి వెళ్తాయి. పక్షం మొదటి రోజైతే ముందొచ్చిన రైతు డబ్బు వెనకటి బిల్లుకి జరిగిపోతుంది. అందుకే మేం ‘డీఎస్’ ఎక్కడా వాడం. లాజికల్ డేట్‌ని (ఆ రన్‌కి ఎయిర్‌ఫ్లో ఇచ్చే సమయాన్ని) మన టైమ్‌జోన్‌కి మార్చి, దాన్నుంచే తేదీ తీస్తాం. మీది ఏ వ్యాపారమో నాకు తెలియదు కానీ, తెల్లవారుజామున 5:30కి ముందు నడిచే జాబు ఒక్కటున్నా ఇది చూసుకోండి.

2 నుంచి 3కి మారేటప్పుడు ఇంకో తేడా కూడా ఉంది. 2లో క్రాన్ షెడ్యూల్ ఇస్తే లాజికల్ డేట్ అంటే ఆ వ్యవధి మొదలైన సమయం, రోజువారీ డాగ్‌కి నిన్నటిది. 3లో మీరేమీ మార్చకపోతే అది నడవాల్సిన సమయమే. పాత కోడ్ ఎక్కడినుంచైనా తెచ్చి పెడితే తేదీ ఒక రోజు జరుగుతుంది. ‘క్యాచప్’ (తప్పిపోయిన పాత రన్‌లని తర్వాత నడపడం) కూడా అంతే, 2లో మామూలుగా ఆన్‌లో ఉండేది, 3లో ఆఫ్. మీరు ఏ వెర్షన్ మీద ఉన్నా డాగ్‌లో క్యాచప్‌ని స్పష్టంగా రాసేయండి.

లాగ్‌లు నెమ్మదిగా నిండుతాయి. ప్రతి టాస్క్, ప్రతి ప్రయత్నానికి ఒక చిన్న ఫైల్. డిస్క్‌లో ఇంకా చోటు ఉన్నట్టు చూపిస్తూనే ‘స్పేస్ లేదు’ అని ఎర్రర్ వస్తే ఐనోడ్‌లు (ఫైలుకొకటి చొప్పున డిస్క్ కేటాయించేవి) అయిపోయాయేమో చూడండి. పాత లాగ్‌లు తీసేసే చిన్న స్క్రిప్ట్ వారానికొకసారి నడపండి. మెటాడేటాలో పాత రన్‌లు తీయడానికి ‘డీబీ క్లీన్’ కమాండ్ ఉంది, బ్యాకప్ తీసుకున్నాకే వాడండి.

బ్యాకప్‌ని ఎయిర్‌ఫ్లో చేత చేయించొద్దు. దాన్ని మామూలు క్రాన్‌లోనే ఉంచండి, ఎయిర్‌ఫ్లో పడిపోయిన రోజున కూడా బ్యాకప్ ఆగకూడదు కదా. రోజూ పీజీ డంప్ (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నకలు) తీసి వేరే మెషీన్‌కి పంపాలి. దానితో పాటు నాలుగు సర్వీసులూ చదివే ఆ ఎన్విరాన్‌మెంట్ ఫైల్ కూడా భద్రంగా వేరే చోట ఉండాలి. కనెక్షన్లలో మీరు దాచిన పాస్‌వర్డులు ఫెర్నెట్ కీతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, కీ లేకపోతే డంప్ తిరిగొచ్చినా అవి తెరుచుకోవు. డాగ్‌లు గిట్‌లో ఉంచండి. ఇవన్నీ ఉన్నాయని నమ్మకం కుదరాలంటే ఒకసారి ఖాళీ వర్చువల్ మెషీన్ మీద మొత్తం మళ్లీ లేపి చూడండి. అక్కడ డాగ్‌లన్నీ పాజ్‌లో ఉంచడం మరవకండి, లేకపోతే రెండు చోట్లా ఒకే జాబు నడిచి నిజం డేటాని ముట్టుకుంటుంది.

ఎయిర్‌ఫ్లో స్క్రీన్ తెరుచుకునే 8080 పోర్ట్‌ని ఇంటర్నెట్‌కి తెరవొద్దు. ఎస్ఎస్‌హెచ్ టన్నెల్‌తోనో, ఆఫీసు వీపీఎన్‌తోనో చూసుకోండి. 3లో మొదట వచ్చే సింపుల్ ఆథ్ మేనేజర్ పరీక్షలకే, మనుషులు నిజంగా లాగిన్ అవుతారంటే యూజర్లు, హక్కులు చూసుకునే ఫ్యాబ్ ప్రొవైడర్ పెట్టండి. అన్ని భాగాలూ బతికే ఉన్నాయో లేదో చెప్పే హెల్త్ చిరునామా ఒకటుంది, దాన్ని వేరే మెషీన్ నుంచి ఐదు నిమిషాలకోసారి అడిగేలా పెట్టండి.

ముప్పై జాబుల్నీ ఒకేసారి మార్చకండి. ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ వరుస ఒకటి ఎంచుకోండి, తప్పు రిపోర్టు ఎక్కువగా వస్తున్న వరుస అయితే ఇంకా మంచిది. అది కుదురుకున్నాక క్రాన్‌లోంచి ఆ లైన్లు తీసేసి తర్వాతి వరుసకి వెళ్లండి. దేనిమీదా ఆధారపడని జాబులు, అంటే బ్యాకప్, లాగ్ శుభ్రం లాంటివి, క్రాన్‌లోనే ఉండనివ్వండి. రేపు టాస్కులు క్యూలో ఎక్కువసేపు ఆగుతుంటే మొదట పోస్ట్‌గ్రెస్‌ని వేరే మెషీన్‌కి మార్చండి. సెలరీ గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు. మీ జాబుల్లో ఏది ఎంత మెమరీ తింటుందో, ఏ టైమ్‌కి నడుస్తుందో ఇక్కడ రాస్తే ప్యారలలిజం ఎంత పెట్టాలో, పూల్స్ (ఒక రకం టాస్కులు ఒకేసారి ఎన్ని నడవొచ్చో చెప్పే హద్దులు) ఎలా విడదీయాలో కలిసి చూద్దాం.